బాలాసోర్ దాకా నీళ్ళు

అప్పలసూరికి ఒక కారు ఉండేది. కారున్నవాళ్ళు ఎక్కి తిరుగుతారు, అప్పలసూరి తుడిచేవాడు. పొద్దున్నే పొడిగుడ్డ, దానిమీద తడిగుడ్డ, మళ్ళీ పొడిగుడ్డ. డ్యూటీ దిగి వచ్చాక ఇంకో విడత. ఏక్‌బాల్‌పూర్‌లో కలకత్తా ఓడల డాకు పనివాళ్ళ గొందిలో ఆ కారు అతని చేతిలో ఇరవై ఏళ్ళ పైచిలుకు కాపురం చేసింది. అన్నేళ్ళలో అది చేసిన ప్రయాణమల్లా రోజుకు అరవై గజాలు. అప్పలసూరి గుమ్మం నుంచి గొంది మొదట్లో ఉన్న, వీధులు కడిగే నీళ్ళ హైడ్రెంటు దాకా ముప్ఫై, తిరిగి గుమ్మం దాకా ముప్ఫై. అదీ పక్కన నడుస్తూ అప్పలసూరి స్టీరింగు తిప్పుతుంటే, వెనక అతని పెళ్ళాం జగ్గమ్మ తోస్తుంటే.

అలాగని అది డొక్కు కారనుకుంటే పొరపాటు. పందేల్లో పరిగెత్తే జాతి. రెండే తలుపులు, రెండే సీట్లు, నెత్తిన కప్పు లేదు, ఎరుపంటే ఎరుపు. స్పీడు చూపించే ముల్లుకు నూట నలభై దాకా పోవడానికి చోటుంది. ఆ ముల్లు సున్నా మీద నుంచి కదలగా చూసినవాడు మాత్రం గొందిలో లేడు. ఆ సున్నాని కూడా అప్పలసూరి రోజూ తుడిచేవాడు.

ఖిదిర్‌పూర్ డాకులో అతను క్రేను డ్రైవరు. 1980లో వానలు మొదలవకముందే, ఇంటి కప్పు కారుతోందని జగ్గమ్మ పోరు పెట్టింది. డాకులో ఎవరూ విడిపించుకోని సరుకు నీలాం వేస్తున్నారంటే వెళ్ళి, ఒక మూల పడి ఉన్న టార్పాలిన్ల కుప్పను పాడుకున్నాడు. ఆ నీలాం పద్ధతి ఏమిటంటే, కుప్ప మొత్తం నీదే. కింద ఏమున్నా నీదే. సాయంత్రంలోగా ఎత్తుకుపోవాల్సిందీ నువ్వే. టార్పాలిన్లు లాగితే కింద ఈ కారు కూర్చుని ఉంది. ఓడలో ఉప్పునీళ్ళు మింగి ఇంజను బిగుసుకుపోయింది. ఏ కంపెనీదో చెప్పే బిళ్ళ ఊడిపోయింది. దాన్ని ఎనిమిది మంది కలాసీలు గొందిలోకి తోసుకొచ్చారు.

వానలు వచ్చాయి. కుప్పలో చిరగని టార్పాలిన్ ఒక్కటే. దాన్ని తీసుకెళ్ళి అప్పలసూరి కారు మీద కప్పాడు.

"మరి ఇంటి కప్పు మాటేటి?" అంది జగ్గమ్మ.

"కప్పు తడిస్తే ఆరిపోద్ది. బండి తడిస్తే తుప్పు పట్టీద్ది."

ఆ ఏడాదీ, ఆ తర్వాత ఏ వానాకాలమైనా, జగ్గమ్మ నీళ్ళు కారే చోటల్లా వంటగిన్నెలు పెట్టి వాటి మధ్య పడుకుంది. పొద్దున్నే వాటితోనే వండింది.

వాట్‌గంజ్ నుంచి ఒక మెకానిక్కు వచ్చి చూసి, ఇంజను విప్పి బాగుచేస్తే గుర్రంలా పరిగెడుతుందన్నాడు. అప్పలసూరి అతన్ని జాలిగా చూశాడు.

"పరిగెడితే దుమ్ము పడదేటి?" అన్నాడు.

మెకానిక్కు పానాలు సంచిలో వేసుకుని పోయాడు. ఇంజను అలాగే ఉండిపోయింది.

ఆ కారుకు రెండు బారల దూరంలోకి ఎవరు వచ్చినా అప్పలసూరి నోట ఒకటే మాట: "సెయ్యి సూపించు." రెండు చేతులూ, బోర్లా వెల్లకిలా, చూపించాలి. వేలికి పాన్ సున్నం ఉంటే వెనక్కి. బెల్లం జిగురుంటే వెనక్కి. బీటు కానిస్టేబులు ఒకాయన లాఠీ చంకలో పెట్టుకుని చేతులు చాపి నిలబడ్డం గొందంతా చూసింది. విశ్వకర్మ పూజ నాడు ఊళ్ళో బళ్ళన్నిటికీ బొట్లు పెడతారు కదా, అప్పలసూరి కారుకు మాత్రం పురోహితుడు టైరు ముందున్న ఇటుకకు పెట్టి పోవాల్సిందే. కలకత్తాలో ఏ పార్టీ బంద్ పిలిచినా దానికి అప్పలసూరి మద్దతు ఉండేది. ఆ రోజు లారీలు తిరగవు, దుమ్ము లేవదు.

వార్డులో పార్టీ పని చూసే మృత్యుంజయ దాదా ఒకసారి మే డే ఊరేగింపుకు కారు అడగడానికి వచ్చాడు. ఇంజను కదలకపోయినా ఫరవాలేదు, కుర్రాళ్ళు తోస్తారు, రంగు ఎలాగూ పార్టీదే అన్నాడు. అప్పలసూరి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"జెండా కర్ర గీసుకుంటాది దాదా."

"కర్రకు గుడ్డ చుట్టిస్తాను."

"ఊరేగింపుకి ఎంతమంది వొస్తారు?"

"యాభై వేలమంది."

"లక్ష సేతులు. నానొక్కడినే సూడాల," అన్నాడు అప్పలసూరి దిగులుగా.

మృత్యుంజయ దాదా ఆ లెక్క వేసుకుంటూనే వెళ్ళిపోయాడు, మళ్ళీ అడగలేదు.

ఈ కథలన్నీ చెప్పి జనాన్ని నవ్వించడంలో భానుమూర్తిని మించినవాడు లేడు. టెక్కలి వైపు మనిషి. డాకు టైమాఫీసులో గుమాస్తా. గొందిలో నలుగురికీ ఉత్తరాలు రాసిపెట్టేది అతనే. తెలుగు, ఇంగ్లీషు, బెంగాలీ మూడింట్లోనూ ముత్యాల్లాంటి రాత. ఏది రాసినా చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి, ఆ గీతల చివర కలంతోనే ఒక తీగ చుట్టేవాడు. ఆ తీగ లేకపోతే ఉత్తరం పూర్తయినట్టు అతనికి అనిపించేది కాదు. పొద్దున్న ఏడున్నరకు ముందు లేచిన పాపాన పోలేదు.

అప్పలసూరి అనుకరణ అతను చేస్తే టైమాఫీసులో కుర్చీలు కదిలిపోయేవి. ఇప్పుడతనికి డెబ్బై దాటాయి. ఇప్పటికీ ఎవరైనా అడిగితే చెబుతాడు. అయితే ఒక చోటికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. అది ఫొటో దగ్గర.

భానుమూర్తికి టెక్కలిలో ఒక బావమరిది. 1989 చలికాలంలో అతను కొత్త స్కూటరు కొని, దాని పక్కన కాలుమీద కాలేసి నిలబడి ఫొటో తీయించుకుని పంపాడు. భానుమూర్తికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కోటు వేసుకుని, భూకైలాస్ రోడ్డు స్టూడియో నుంచి ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని అప్పలసూరి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒక్క ఫొటో, అప్పలసూరీ. కారుకు ఆనుకుని నిలబడతాను, అంతే."

"ఆనుకోడవేటి బాబూ. మీ కోటు గుండీలు ఇత్తడివి."

"సరే, ఆనుకోను. పక్కన నిలబడతాను."

"జోళ్ళు?"

"జోళ్ళేం చేసేయి?"

"జోడు కింద కంకర ఎగిరితే బండికి తగుల్తాది."

భానుమూర్తి జోళ్ళు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పాడు, వాటి దారాలు ఊడిపడతాయట. రెండు గజాల దూరంలో ముగ్గుపిండితో అప్పలసూరి గీసిన గీత దగ్గర నిలబడ్డాడు. కారు వెనకాల అప్పలసూరి, భుజాన గుడ్డతో. ఫొటోగ్రాఫరు ఒక కన్ను మూసి కెమెరాలోకి చూశాడు. భానుమూర్తి ఛాతీ పొంగించాడు. సరిగ్గా అప్పుడు అప్పలసూరికి గుర్తొచ్చింది.

"సెయ్యి సూపించండి బాబూ."

తొమ్మిదేళ్ళుగా వింటున్న మాట కదా, అలవాటుకొద్దీ భానుమూర్తి రెండు చేతులూ చాపాడు. ఫొటోగ్రాఫరు నొక్కాడు. రీలులో అదే ఆఖరిది.

ఫొటోలో భానుమూర్తి కోటు వేసుకుని, ఉత్త కాళ్ళతో, కారుకు అల్లంత దూరంలో, రెండు అరచేతులూ ముందుకు చాపి ఉన్నాడు. స్టూడియో ఇచ్చిన కవరు విప్పి చూసుకోకుండానే టెక్కలికి పంపేశాడు. పదిహేను రోజులకు బావమరిది ఉత్తరం వచ్చింది. "బావగారికి నమస్కారాలు. ఫొటో అందింది. ఉద్యోగం పోయిన సంగతి మాకు ఒక్క ముక్క రాయలేదేం? వెనక నిలబడ్డ ఆ కారుగలాయన ఏమైనా సాయం చేస్తున్నాడా? చెల్లెలు ఏడుస్తోంది."

చెల్లెలంటే భానుమూర్తి చెల్లెలే, బావమరిది భార్య. ఆ ఉత్తరాన్ని ఊరి నుంచి చేత్తో తెచ్చిన కలాసీ దారిలోనే చదివేసి ఉన్నాడు. సాయంత్రానికి టైమాఫీసు అంతా పాకింది. అందరినీ నవ్వించినవాణ్ణి చూసి అందరూ నవ్వారు. భానుమూర్తికి అది కొత్త. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు టైమాఫీసులో కూర్చుని కార్పొరేషన్ నీళ్ళ ఆఫీసుకు ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాడు. ఊళ్ళో జనం నీళ్ళకు అల్లాడుతుంటే, వీధులు కడగడానికి వదిలే గంగనీళ్ళను ఫలానా గొందిలో ఒక వ్యక్తి తన విలాసపు కారు కడుక్కోవడానికి రోజూ గంటన్నర సేపు పారబోస్తున్నాడనీ, హైడ్రెంటు తిప్పే మనిషి అతనితో కుమ్మక్కై అరగంటకు కట్టాల్సిన నీళ్ళు కట్టడం లేదనీ రాశాడు. అందులో ఒక్క అబద్ధం లేదని అతని గట్టి నమ్మకం. తొమ్మిదేళ్ళుగా రోజూ దుప్పటి కప్పుకుని పడుకుని ఆ నీళ్ళ హోరు గంటన్నర సేపు వింటున్నాడు మరి. పేరు పెట్టలేదు. "ఒక శ్రేయోభిలాషి" అని ముగించి, కింద రెండు గీతలు గీసి, తీగ చుట్టి పోస్టులో వేశాడు.

నీళ్ళ ఆఫీసుకు ఇంతకుముందు ఆ గొంది వాళ్ళు మంచినీళ్ళ కుళాయి కోసం పెట్టిన అర్జీలు పద్నాలుగు. ఒక్కదానికీ జవాబు లేదు. ఈ పదిహేనోదాని మీద మాత్రం మూడు వారాల్లో చర్య తీసుకున్నారు. హైడ్రెంటు తిప్పే గురవయ్యను భవానీపూర్‌కు మార్చేశారు. అతని చోట కూర్మయ్య అనే కుర్రవాడు వచ్చాడు. చేతికి గడియారం. ఐదింటికి తాళంచెవితో తిప్పేవాడు, ఐదున్నరకు కట్టేసేవాడు. బాల్టీ సగం నిండి ఉన్నా కట్టేసేవాడు.

నలభై ఇళ్ళకు, స్నానాలకు, గిన్నెలకు, బట్టలకు అరగంట నీళ్ళు. మొదటి వారంలోనే రెండు బాల్టీలు సొట్టపోయాయి, ఒక ముక్కు చిట్లింది. భానుమూర్తి భార్య నరసమ్మకు ఉబ్బసం. ఆ తోపులాటలో ఆమె నిలబడలేదు.

"రేపట్నుంచి మీరే వెళ్ళండి," అంది.

అలా పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు భానుమూర్తి తెల్లవారుజామున గొంది ఎలా ఉంటుందో చూశాడు. బాల్టీ పట్టుకుని వెళ్ళేసరికి హైడ్రెంటు పక్కన కారు ఉంది. అప్పలసూరి దాన్ని తుడుస్తున్నాడు. ఎప్పటిలాగే. కూర్మయ్య నీళ్ళు వదిలాడు, ఆడవాళ్ళు మీద పడ్డారు, అరగంటకు కట్టేశాడు. భానుమూర్తికి అడుగు బాల్టీ నీళ్ళు దక్కాయి. అందులో బెత్తెడు బురద.

అతని కళ్ళు కారు మీదే ఉన్నాయి. అప్పలసూరి గుడ్డను ముంచుతున్నది హైడ్రెంటు నీళ్ళలో కాదు, తన పక్కనున్న బిందెలో. ఆ బిందె మీద పల్చటి గుడ్డ కట్టి ఉంది. లోపల నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"ఆ నీళ్ళెక్కడివి జగ్గమ్మా?" అని అడిగాడు.

"నిన్నటివి బాబూ. గంగనీళ్ళు తిన్నగా బండికి పోస్తారేటి? ఒండ్రు. ఒక్క సుక్క పడితే మరక కట్టీద్ది. రెండు బిందెలు పట్టి, పటిక తిప్పి, తెల్లారేవరకు తేర్చి, నా సీరతో వడగడితే అప్పుడు బండికి. నాకు కూరలోకి ఉప్పు తేడు గాని బండికి పటిక మానడు."

"రోజూ రెండు బిందెలేనా?"

"రెండే."

"మరి గంటన్నర సేపు నీళ్ళు పారేవి కదా?"

"అవి గొందికి."

"మరి కారు రోజూ ఇక్కడికి తోసుకు రావడం ఎందుకు?"

జగ్గమ్మ అతన్ని వింతగా చూసింది. "గురవయ్య కూకోడానికి," అంది.

భానుమూర్తి అడుగు బాల్టీ నీళ్ళతో ఇంటికి వచ్చి నరసమ్మను కూర్చోబెట్టి అడిగాడు. ఆమె చెప్పింది. గురవయ్యకు అరవై దగ్గరపడ్డాయి. చీకట్నే లేచి ఇరవై గొందులు తిరిగి తాళంచెవి తిప్పాలి. మోకాళ్ళు అరిగిపోయాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ గొందిలోనూ ఎవరూ ఒక్కనాడు కూచో అనలేదు. అప్పలసూరి అన్నాడు. అన్నవాడు పీట వెయ్యలేదు, కారు తలుపు తీశాడు.

గురవయ్య ఆ స్టీరింగు పట్టుకుని రోజూ వాళ్ళ ఊరికి బయల్దేరేవాడు. కదలని కారులోనే. షాలిమార్ దాటినాం అనేవాడు, కోలాఘాట్ వంతెనెక్కినాం అనేవాడు. గంటన్నరలో ఆ దారిలో ఉన్న బాలాసోర్ చేరేవాడు. బాలాసోర్‌లో టీ తాగడానికి దిగుతాను అని దిగి, అప్పుడు నీళ్ళు కట్టేవాడు. ఈ గొందిలో ఆలస్యమైన గంటా మిగిలిన గొందుల మధ్య టీలూ బీడీలూ మానేసి సర్దుకునేవాడు. ఆడవాళ్ళు బాల్టీలు పెట్టి అరిచేవారు.

"గురవయ్యన్నా, ఎందాకా ఎల్లినావు?"

"ఇంకా ఖరగ్‌పూరే."

"అలాగైతే ఇంకో రెండు బాల్టీలు."

నలభై ఇళ్ళ తొట్లు నిండేది అలాగ. గురవయ్య కాళ్ళు ఇరవై గొందుల బురదలో తిరిగిన కాళ్ళు. కానిస్టేబుల్ని చేతులు చూపించమన్న అప్పలసూరి, ఆ కాళ్ళను మాత్రం ఎప్పుడూ చూపించమనలేదు. అతను దిగిపోయాక తలుపు తీసి, వంగి, కింద పరిచిన రబ్బరు పట్టామీద మట్టిని అంగుళం అంగుళం తుడుచుకునేవాడు. అంత తుడుపూ అందుకే.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు భానుమూర్తి.

"మీరెప్పుడడిగేరు?" అంది నరసమ్మ. "లేచీసరికి తొట్టి నిండి ఉండేది, పోసుకునేవారు."

ఆ రోజు భానుమూర్తి ఆఫీసులో ఎవరినీ నవ్వించలేదు. సిగ్గేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది, ఇది బయటపడితే గొందిలో తలెత్తుకోలేడు. అంతకన్నా ఎక్కువ, తొమ్మిదేళ్ళు ఆ నీళ్ళే ఒంటిమీద పోసుకుని, ఆ పోసినవాణ్ణే నలుగురిలో నవ్వులపాలు చేశానే అన్న బాధ. అది మింగుడు పడలేదు. ఆదివారం బస్సెక్కి భవానీపూర్ పోయి, హైడ్రెంట్ల వెంబడి వెతుక్కుంటూ గురవయ్యను పట్టుకున్నాడు. ఒక మూసిన దుకాణం మెట్టు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడతను.

"ఆ అర్జీ ఎవడు రాసేడో తెలిసిందా గురవయ్యా?" అన్నాడు భానుమూర్తి.

"ఆఫీసరు నా ముందు పెట్టి సంతకం సెయ్యమన్నాడు. నాకు సదువెక్కడిది బాబూ. కింద తీగ సూసినాను. మా తమ్ముడికి మీరు రాసిన ఉత్తరాలన్నిట్లోనూ ఆ తీగే కదా."

భానుమూర్తి కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ సాయంత్రవే సూరికి సెప్పీసినాను," అన్నాడు గురవయ్య.

"ఏమన్నాడు?"

"కొంతసేపు బండి తుడుసుకున్నాడు. నరసమ్మకి ఉబ్బసం కదా, ఆ ఇంటికి నీళ్ళెవలు మోస్తారు, అన్నాడు."

గురవయ్యను మార్చినప్పట్నుంచీ రోజూ పొద్దున్న భానుమూర్తి గుమ్మం పక్కన ఒక నిండు బాల్టీ ఉంటోంది. మీద చీరముక్క కప్పి. తేట నీళ్ళు. నరసమ్మ జగ్గమ్మతో మంచిగా ఉంటుంది కాబట్టి జగ్గమ్మ పెడుతోందనుకున్నాడు. పెట్టిస్తున్నది ఎవరో ఇప్పుడు తెలిసింది. తిరుగు బస్సులో అతను కూర్చోవడానికి చోటున్నా నిలబడే వచ్చాడు.

గురవయ్యను వెనక్కి రప్పించమని భానుమూర్తి నాలుగు అర్జీలు రాశాడు, ఈసారి సొంత పేరుతో. జవాబు లేదు. చెడగొట్టడానికి ఒక కాగితం చాలింది, బాగుచెయ్యడానికి నాలుగు చాల్లేదు. ఇక మిగిలింది కూర్మయ్య. అప్పలసూరి అప్పటికే అతనికి కారు తలుపు తీసి చూశాడు. "కారెక్కి నానేటి సేస్తాను?" అని గడియారం చూసుకున్నాడట.

ఒక పొద్దున్న, నీళ్ళు కట్టేసి వెళ్తున్న కూర్మయ్య వెంట పడ్డాడు భానుమూర్తి.

"నీకు ఎన్నేళ్ళైంది ఉద్యోగంలో చేరి?"

"ఎనిమిది. ఇంకా టెంపరవరీయే. ఎవులికి సెప్పుకున్నా వినే నాథుడు లేడు. గడియారం కాసి పనిసేస్తేనైనా పర్మనెంటు సేస్తారని సూస్తన్నాను."

"అర్జీ పెట్టేవా?"

"రాసీవోడేడి?"

భానుమూర్తి జేబులోంచి పెన్ను తీశాడు. "నేను రాస్తాను," అన్నాడు. "కానీ అర్జీ అంటే గబగబా అయ్యే పని కాదు. నీ సర్వీసంతా మొదట్నుంచి చెప్పాలి. రోజూ ఐదింటికి కూర్చుందాం. కూర్చోడానికి చోటు నేను చూస్తాను. నువ్వు లేచేదాకా మాత్రం నీళ్ళు కట్టకూడదు."

మర్నాడు ఐదింటికి కూర్మయ్య నీళ్ళు వదిలాడు. భానుమూర్తి చంకలో కాగితాల అట్ట పెట్టుకుని, జోళ్ళు ఇంటి దగ్గరే విప్పేసి, ఫొటో నాడు నిలబడ్డట్టే కారుకు రెండు గజాల దూరంలో నిలబడ్డాడు. అప్పలసూరి కారు అద్దం తుడుస్తున్నాడు.

"అప్పలసూరీ," అన్నాడు భానుమూర్తి. రాత్రంతా కూడబలుక్కున్న మాట. "నీళ్ళ ఆఫీసుకు ఆ కాగితం రాసింది..."

"సెయ్యి సూపించండి బాబూ."

భానుమూర్తి రెండు చేతులూ చాపాడు. కుడిచేతి మధ్యవేలుకు సిరా ఉంది. గుమాస్తా వేలు, ఏ రోజూ సిరా లేకుండా ఉండదు. అప్పలసూరి ఆ వేలు చూశాడు. భుజం మీది గుడ్డ కాదు, కారు ముందుభాగానికి తప్ప వాడని మెత్తటి గుడ్డ తీసి, బిందెలో తేటనీళ్ళలో ముంచి, ఆ వేలు తన చేత్తో పట్టుకుని తుడిచాడు. నిదానంగా, కారుకు తుడిచినట్టే తుడిచాడు.

"సిరా మొండిది బాబూ. పచ్చిగా ఉన్నప్పుడే తుడిసీయాల," అన్నాడు. తలుపు తీశాడు. "ఎక్కండి."

భానుమూర్తి తన కాళ్ళ వంక చూసుకున్నాడు. నీళ్ళ దగ్గర నిలబడి బురదై ఉన్నాయి.

"కాళ్ళు?"

"కాళ్ళు మీరు సూసుకోకండి. అది నా పని."

మొట్టమొదటిసారి భానుమూర్తి ఆ కారెక్కాడు. పక్క సీట్లో కూర్మయ్య కూర్చుని, ఏ సంవత్సరం ఏ మేస్త్రీ తనను ఏమన్నాడో మొదలుపెట్టాడు. పెన్ను కారులోకి తేకూడదు, సిరా సీటు మీద పడితే పోదు, పెన్సిలుతో రాసి ఆఫీసులో చిత్తుకు నకలు తీసుకోవాలి. ఆ షరతు మాత్రం అప్పలసూరి వదల్లేదు.

బయట ఆడవాళ్ళు బాల్టీలు సర్దుకుంటూ అడిగేవారు.

"మూర్తిగోరూ, ఎందాకా వొచ్చినారు?"

"ఇంకా రెండో పేరాయే."

"అలాగైతే ఇంకో రెండు బాల్టీలు."

రెండేళ్ళకు కూర్మయ్య ఉద్యోగం పర్మనెంటైంది. గొందంతా బెంగపెట్టుకుంది, ఇక నీళ్ళు అరగంటేనేమో అని. భానుమూర్తి ఆ రాత్రి ఆలోచించి, మర్నాటి నుంచి కూర్మయ్య పెన్షను అర్జీ మొదలుపెట్టాడు. కూర్మయ్య రిటైరవడానికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళుంది. ఇలాంటివి ముందునుంచే రాసుకోవాలని భానుమూర్తి చెబితే అతనికీ సబబుగానే తోచింది.

అలా పదేళ్ళు రాశాడు. అన్నాళ్ళూ ఏడున్నర దాకా పడుకున్నది ఒక్క బంద్ రోజున కూడా లేదు. ఆ పదేళ్ళలో ఆ సగంలో ఆగిన మాట పూర్తిచెయ్యాలని చాలాసార్లు చూశాడు. "అప్పలసూరీ, ఆ రోజు ఆ కాగితం..." అనగానే అప్పలసూరి "సెయ్యి సూపించండి బాబూ" అనేవాడు. భానుమూర్తి చెయ్యి చాపేవాడు. సిరా ఉంటే తుడిచేవాడు, లేకపోతే తలుపు తీసేవాడు. మాట అక్కడే ఆగిపోయేది.

2001లో, వానలకు ముందు, అప్పలసూరి పోయాడు. కారు మీది టార్పాలిన్ తీసి జగ్గమ్మ ఇంటి కప్పు మీద వేయించింది. ఆ వానాకాలం గిన్నెలు వంటింట్లోనే ఉన్నాయి. ఆమె నిద్రపట్టడం లేదని నరసమ్మతో అంది. నీళ్ళు గిన్నెలో పడే చప్పుడు అలవాటైపోయిందట.

అప్పట్నుంచి కారు తుడిచే పని భానుమూర్తిది, ఇప్పటికీ రెండు బిందెల నీళ్ళలో పటిక తిప్పుతాడు. కారు తుడవడం అతనికి అంత బాగా రాదు, మూలల్లో మరకలు ఉండిపోతాయి. వాటిని చూసినప్పుడల్లా, క్షమించమని నోరారా ఒక్కసారి అని ఉండవలసింది అని కుములుతాడు. అతనికి తెలిసి ఉంటుందిలెండి అంటుంది నరసమ్మ. తెలిసినా అనాలి కదా అంటాడు భానుమూర్తి.

వాళ్ళ ముందుగదిలో గోడకు, స్టూడియోలో ఇంకో కాపీ తీయించిన ఆ ఫొటో ఫ్రేము కట్టి ఉంది. వచ్చినవాళ్ళు ఆగి చూస్తారు. కోటు వేసుకున్న మనిషి, ఉత్త కాళ్ళు, చాపిన రెండు అరచేతులు, అల్లంత దూరంలో తళతళలాడే ఎర్ర కారు, దాని వెనక భుజాన గుడ్డ వేసుకున్న ఒకాయన.

"ఇది మీరేనా? చేతులు చాపి, ఏదో అడుగుతున్నట్టు నిలబడ్డారేంటండీ?" అని అడుగుతారు.

"అందులో నేను సరిగ్గానే నిలబడ్డాను," అంటాడు భానుమూర్తి. ఆ తర్వాత ఆ కథ మొదట్నుంచి చెప్పి వాళ్ళను నవ్విస్తాడు.